నాన్న కొలిచిన గోముఖం

మా నాన్న కరణం. పామిడికి ఎగువన పెన్న ఒడ్డున ఉన్న మా ఊరికీ, దాని పక్కనే ఉన్న మరో రెండు ఊళ్లకూ ఆయనే లెక్కలు రాసేవాడు. 1984లో ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసినప్పుడు దస్త్రాలన్నీ అప్పగించి ఇంటికి వచ్చాడు గానీ, కొలిచే అలవాటును మాత్రం ఎవరికీ అప్పగించలేకపోయాడు. పొలం గట్టు మీద నడిచినా, పెళ్లివారి విడిదికి నడిచినా పెదవుల్లోనే అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. 1994లో ఊరివాళ్లతో కలిసి బదరీ, కేదారం, గంగోత్రి యాత్రకు వెళ్లినప్పుడు కూడా ఆయన చేసిన పని అదే. రైలు చార్జీలూ, పూజారులకిచ్చిన దక్షిణలూ రాసుకున్న చిన్న నోటుబుక్కులో ఒక వరుస ఉంది: "భోజ్‌బాసా ఆశ్రమం గడప మొదలు గోముఖం మంచుగోడకు చెయ్యి ఆనించువరకు 5,830 అంగలు."

ఆయన పోయిన తరువాత ఆ పుస్తకం నా దగ్గరకు వచ్చింది. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) మీద నీటిమట్టం కొలిచే గేజీలు చూసి, రిజిస్టర్లు నింపి రిటైరైన నాకు, ఒక చోట ఒకసారి తీసిన రీడింగును చూస్తే రెండో రీడింగు తీయాలనిపించడం సహజం. ఒక్క రీడింగుతో ఏ సంగతీ తేలదు. నీళ్లు పెరుగుతున్నాయా తరుగుతున్నాయా అన్నది రెండో రీడింగు చెబుతుంది. అందుకే 2023 సెప్టెంబరులో, మా చిన్నాన్న కొడుకును తోడు తీసుకొని, అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మోకాళ్లు నొప్పి పెడుతున్న వయసులో ఆ కొండలెందుకని ఇంట్లో వాళ్లు అడిగితే పుణ్యం కోసమని చెప్పాను. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు.

గంగోత్రి ఆలయం సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి, గంగ భాగీరథి పేరుతో పుట్టే గోముఖానికి దాదాపు 18 కిలోమీటర్లు కాలిబాట. చీడ్ జాతి చెట్ల పేరు పెట్టుకున్న చీర్‌బాసా మీదుగా, ఒకప్పుడు భూర్జపత్ర వృక్షాలు దట్టంగా ఉండిన భోజ్‌బాసా చేరుకొని, ఆ రాత్రి అక్కడ తలదాచుకొని, మరునాడు పొద్దున్నే గోముఖం వైపు నడవాలి. రోజుకు 150 మందికి మించి అనుమతి ఇవ్వరు. ఈ నియమం 2008 నుంచి ఉంది. నాన్న వెళ్లిన రోజుల్లో ఇలాంటివేమీ లేవట. ఆయన కథ చెప్పినప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు మంచుగోడ దాకా పోయి, దాని కిందనుంచి దూకే నీళ్లను చెంబుల్లో పట్టుకొని వచ్చారనే చెప్పాడు. ఆ చెంబు, మూతకు సీసం పోసినది, ఇప్పటికీ మా పూజగదిలో ఉంది.

గోముఖం అన్నమాట వినగానే మనకు ఆవు మొహం వంటి తెల్లని మంచు గుహ కళ్లముందుకు వస్తుంది. దగ్గరికి పోయి చూసిన వాళ్లకు మొదట ఆశాభంగమే కలుగుతుంది. అక్కడ కనిపించేది మట్టి రంగు గోడ. దాని మీదంతా రాళ్లు, బండలు, బూడిద రంగు దుమ్ము. పగుళ్లలో మాత్రం నీలిరంగు మంచు తళుక్కుమంటుంది. ఆ గోడకు వెనుక దాదాపు 30 కిలోమీటర్ల పొడవున, భాగీరథి శిఖరాల పక్కగా, గంగోత్రి హిమానీనదం పడుకొని ఉంది. పాఠ్యపుస్తకాల్లో హిమానీనదం అని చదువుకున్నప్పుడు ఆ మాట నాకు అతిశయోక్తిలా అనిపించేది. గడ్డకట్టినది నది ఎలా అవుతుందని. నిజానికి అది పారుతూనే ఉంటుంది. పైన శిఖరాల ఒడిలో ఏడాది వెంబడి ఏడాది పడిన మంచు తన బరువుకు తానే అణిగి, గాలి బయటకు పోయి, గట్టిపడి, అద్దం వంటి గడ్డగా మారి, ఆ గడ్డ తన బరువు మోయలేక లోయ వాలులోకి మెల్లగా జారుతూ వస్తుంది. పైన పడే మంచూ, కింద కరిగే మంచూ సమానంగా ఉన్నంతకాలం దాని ముక్కు, అంటే కింది కొస, ఒకే చోట నిలిచినట్టు కనిపిస్తుంది. కరగడం ఎక్కువైతే, మంచు ముందుకే జారుతున్నా, ముక్కు మాత్రం వెనక్కి పోతుంది.

నేను చెరువుల జిల్లాలో పుట్టినవాణ్ని గనుక దీన్ని నాకు తెలిసిన భాషలోకి మార్చుకుంటే తప్ప అర్థం కాలేదు. చెరువుకు ఎగువన వాగు ఉంటుంది, దిగువన తూము ఉంటుంది. వాగు తెచ్చినంతా తూము పట్టుకుపోతే చెరువు మట్టం మారదు. వాగు సన్నబడి, తూము వెడల్పైతే, తూము కింద పొలం ఉన్న రైతుకు ఆ ఏడాది పండగే. కట్ట మీద నిలబడి చూసే వాడికి మాత్రం చెరువు ఏమవుతోందో కనబడుతుంది. హిమానీనదం కొండ మీద కట్ట లేకుండా నిలిచిన చెరువు. దాని తూము ఇప్పుడు వెడల్పవుతోంది.

గంగోత్రి హిమానీనదం ముక్కును 1935లో భారత భూగర్భ సర్వేకు చెందిన జె.బి. ఆడెన్ కొలిచి పటం గీశాడు. ఆ తరువాత ఎన్నోసార్లు కొలిచారు. 1935 నుంచి 1996 వరకు, అరవై ఏళ్లలో అది 1,100 మీటర్లకు పైగా వెనక్కి పోయింది. సగటున ఏడాదికి 19 మీటర్లు. ఈ శతాబ్దంలో కొన్ని సంవత్సరాల్లో ఆ వేగం తగ్గినట్టు కొలతలు చెప్పాయి. దాన్ని పట్టుకొని, "చూశారా, ప్రమాదమేమీ లేదు" అని వాదించేవాళ్లు ఉన్నారు. మా రిటైర్డు మిత్రుల్లోనే ఒకాయన ఉన్నాడు. ఆయనకు నేను చెప్పేది ఒకటే: చెరువు అంచు ఎంత దూరం పోయిందో చూసి నీళ్లెన్ని ఉన్నాయో చెప్పలేం, స్కేలు చూడాలి. గంగోత్రి ముక్కు ఏటా పది మీటర్లే వెనక్కి పోవచ్చు. కానీ వెనుకనున్న 30 కిలోమీటర్ల మంచు మీద మందం తరుగుతూ ఉంటే పోతున్న నీళ్లు ఆ పది మీటర్లలో కనిపించవు. పొడవు తగ్గడం అందరి కంటికీ ఆనుతుంది, మందం తగ్గడం కొలిచినవాడికే తెలుస్తుంది.

ఆ కొలిచే పద్ధతిని తెలుసుకున్నప్పుడు నాకు మా గేజీలే గుర్తుకొచ్చాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ ప్రాంతంలో ఛోటా శిగ్రి అనే చిన్న హిమానీనదం ఉంది. అక్కడ 2002 నుంచి ఏటేటా లెక్క తీస్తున్నారు. ఆవిరితో మంచులో లోతుగా రంధ్రం వేసి అందులోకి వెదురు కర్రలు దించుతారు. ఏడాది తిరిగాక వచ్చి చూస్తే ఎంత కర్ర బయటపడితే అంత మంచు పోయినట్టు. పైభాగంలో గుంత తవ్వి ఆ ఏడు కొత్తగా ఎంత పడిందో చూస్తారు. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు. కరణం కొడుకుకు ఇంతకంటే వివరణ అక్కరలేదు. అక్కడ ఖర్చు జమకు మించిన సంవత్సరాలే ఎక్కువ.

రాళ్లూ దుమ్మూ కప్పిన విషయం ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది అదే. మా చిన్నప్పుడు గుంతకల్లు నుంచి ఐసుగడ్డలు రంపపు పొట్టులో కప్పి తెచ్చేవాళ్లు. పొట్టు మందంగా ఉంటే గడ్డ సాయంత్రం దాకా ఆగేది. హిమానీనదం ముక్కు దగ్గర అడుగు మందాన పేరుకున్న రాళ్లు ఆ పొట్టు చేసే పనే చేస్తాయి. కింది మంచును ఎండ నుంచి కాపాడతాయి. ముక్కు వెనక్కిపోయే వేగం కొన్నేళ్లు మందగించినట్టు కనబడటానికి ఇదీ ఒక కారణం. కానీ పైన, శుభ్రంగా ఉండవలసిన మంచు మీద పలుచగా దుమ్మూ మసీ పడితే జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తెల్లని మంచు ఎండను వెనక్కి కొడుతుంది. నల్లబడిన మంచు నల్లరేగడి చేను మాదిరి వేడిని తాగుతుంది. ఆ మసి ఎక్కడిదంటే, మైదానాల్లో మండే కొయ్యకాళ్లదీ, అడవుల్లో రగిలే మంటలదీ, ఇటుక బట్టీలదీ, డీజిలు బండ్లదీ. రాళ్ల పొరకు మధ్యమధ్య మంచు గోడలు తెరుచుకొని, నీటి మడుగులు కట్టిన చోట్ల కరుగుదల మరీ వేగంగా ఉంటుంది.

మసి ఒక కారణం మాత్రమే. అసలు కారణం గాలి వేడెక్కడం. కర్మాగారాలు రాకముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 భాగాలు ఉండిన బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. 2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత, పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే, దాదాపు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువగా నమోదైంది. ఒకటిన్నర డిగ్రీ అంటే అనంతపురంలో మే నెలలో ఎవరికీ పట్టదు; 42 అయినా 43 అయినా గొడుగు ఒకటే. కానీ సున్నా డిగ్రీ అంచున బతికే దానికి ఆ ఒక్క డిగ్రీయే ప్రాణం. హిమాలయాల్లో, ముఖ్యంగా మధ్య, తూర్పు భాగాల్లో, హిమానీనదాలకు రాబడి ఎక్కువగా నైరుతి రుతుపవనాల నెలల్లోనే వస్తుంది. అంటే కరిగే కాలమూ, మంచు పడే కాలమూ ఒకటే. ఆ నెలల్లో గాలి కాస్త వేడెక్కితే మంచుగా పడవలసినది వానగా పడుతుంది. అప్పుడు రాబడి పోవడం ఒకటి, తెల్లని కొత్త కప్పు లేక పాత మంచు ఎండకు బయటపడటం రెండోది. ఒకే దెబ్బకు రెండు వైపులా నష్టం.

నాన్న దారినే నడిచిన రెండో రోజు సంగతికి వస్తాను. భోజ్‌బాసా నుంచి బయలుదేరేటప్పుడే మా తమ్ముడితో నన్ను పలకరించవద్దని చెప్పాను, లెక్క తప్పుతుందని. వాడు కాసేపు ఊరుకున్నాడు. పక్కన భాగీరథి ఉరుముతూ పారుతోంది. పాలలో బూడిద కలిపినట్టున్న ఆ నీళ్లను చూస్తూ చూస్తూ వాడు ఉండబట్టలేకపోయాడు.

"ఏమన్నా, ఇన్ని నీళ్లా! ఇందులో పావలా వంతు మన పెన్నలో పారింటే మనం బోర్లెందుకు ఏస్తుంటిమి?"

నేను వేలు చూపి లెక్క గుర్తుపెట్టుకొని ఆగాను.

"మంచు కరిగిపోతాందని అందరూ ఏడుస్తారు గానీ, కరిగితే కింద వాళ్లకు నీళ్లే కదన్నా. మంచిదే కదా?" అన్నాడు మళ్లీ.

వాడు ఎగతాళికి అనలేదు. ఆరు బోర్లు వేసి, నాలుగింటిలో దుమ్ము తప్ప మరేమీ చూడనివాడు. చీనీ తోట ఎండిపోతే చెట్లను కొట్టి కట్టెలకు అమ్మినవాడు. పారే నీళ్లను చూస్తే వాడికి వచ్చే ఆలోచన అదే. అందుకే వాడి దారిలోనే అడిగాను.

"మొదటి బోరులో గంగ పడినప్పుడు ఎన్నించుల నీళ్లురా?"

"మూడించులు."

"ఎన్నేండ్లు పోసింది?"

"నాలుగేండ్లు. ఐదో ఏడు ఇంచుకు పడె. ఆపైన గాలే."

"మూడించులు పోసిన ఆ నాలుగేండ్లు భూమి లోపల నీళ్లు పెరుగుతాండె అనుకుంటివా, తగ్గుతాండె అనుకుంటివా?"

వాడు ఏమీ అనలేదు. నది వైపు చూస్తూ కొంతసేపు నిలబడ్డాడు. తరువాత, "అట్లయితే ఇది కూడా బోరేనా అన్నా?" అన్నాడు.

నేను చదివిన నివేదికలన్నిటిలోనూ ఇంత సూటిగా రాసినది చూడలేదు. శాస్త్రజ్ఞులు చెప్పేది కూడా ఇదే: కరుగుదల పెరిగేకొద్దీ హిమానీనదాల నుంచి వచ్చే నీళ్లు కొన్ని దశాబ్దాలపాటు పెరుగుతాయి, ఒక గరిష్ఠాన్ని అందుకుంటాయి, కరగడానికి మంచే తక్కువైనందున ఆ తరువాత తగ్గడం మొదలవుతుంది. హిమాలయ నదుల్లో చాలావాటికి ఆ గరిష్ఠం ఈ శతాబ్దం మధ్యకాలంలో వస్తుందని అంచనా. కాబట్టి ఇప్పుడు భాగీరథిలో కనిపిస్తున్న ఉధృతిలో కొంత భాగం రాబడి కాదు, మూలధనం. వడ్డీ అనుకొని అసలును తింటున్నాం. మా జిల్లాలో 1980ల తరువాత బోర్లతో మేం చేసినది అచ్చంగా అదే. అరవై అడుగుల బావుల్లో మోటబారే నీళ్లు ఉండిన ఊళ్లలో ఇప్పుడు వెయ్యి అడుగులు తోలినా కేసింగు పైపు ఖర్చు దండగ కావడం నేను చూశాను. అరచేతిలో పెట్టుకున్న టెంకాయ నిలువునా నిలబడితే కింద నీళ్లున్నట్టేనని నమ్మి రిగ్గు పిలిచినవాళ్లను ఎగతాళి చేయలేను. నేనే రెండుసార్లు పిలిచాను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గంగానదిలో పారే నీళ్లన్నీ హిమానీనదాలవే అన్నట్టు మాట్లాడటం తప్పు. మైదానాల్లో గంగను నింపేది ప్రధానంగా వాన, భూమిలోని ఊట. హిమానీనదం వాటా మొత్తం మీద చిన్నదే. కానీ అది ఎప్పుడు వస్తుందన్నదే దాని విలువ. వానలు రాకముందు ఎండాకాలంలో, పైభాగపు లోయల్లో, మరే దిక్కూ లేని నెలల్లో ఆ నీళ్లు వస్తాయి. అనంతపురం రైతుకు ఆగస్టులో పడే పదునుకూ, మొలక ఎండే సెప్టెంబరులో పడే పదునుకూ తేడా తెలుసు. వాన కొలత ఒకటే, విలువ వేరు. సింధు నది పరిస్థితి ఇంకా భిన్నం; అది మంచు మీద గంగ కంటే చాలా ఎక్కువగా ఆధారపడింది. కారకోరం పర్వతాల్లో కొన్ని హిమానీనదాలు చాలాకాలం తరగకుండా నిలబడ్డాయన్నదీ నిజమే. ఎక్కడో ఒక చెరువు నిండిందని జిల్లాలో కరువు లేదనలేం కదా.

పొరపాట్లు కూడా జరిగాయి, దాచుకోవలసిన పని లేదు. 2007లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర బృందం వెలువరించిన నివేదికలో, 2035 నాటికి హిమాలయ హిమానీనదాలు అదృశ్యమయ్యే అవకాశం ఉందనే వాక్యం దొర్లింది. దానికి ఆధారం లేదని 2010 జనవరిలో ఆ బృందమే ఒప్పుకొని ఉపసంహరించుకుంది. పైన చెప్పిన మా మిత్రుడు ప్రతి వాదంలోనూ ఆ 2035ను బయటకు తీస్తాడు. తప్పు రీడింగు రాసినవాడు ఎర్ర సిరాతో కొట్టేసి సరైనది రాస్తే నేను ఆ రిజిస్టరును ఇంకా ఎక్కువగా నమ్ముతాను. కాఠ్‌మాండూలోని పర్వతాభివృద్ధి కేంద్రం 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం, హిందూకుష్ హిమాలయ ప్రాంతంలో 2011 నుంచి 2020 వరకు హిమానీనదాలు తరిగిన వేగం అంతకుముందు దశాబ్దం కంటే 65 శాతం ఎక్కువ. ఇదే తీరున వేడి పెరుగుతూ పోతే శతాబ్దాంతానికి ఇప్పుడున్న మంచు పరిమాణంలో 80 శాతం దాకా పోవచ్చునని ఆ నివేదిక అంటుంది. ఇది 2035 కాదు, కానీ మా మనవరాళ్ల ముసలితనం దాటిన సంగతీ కాదు.

మొత్తం ప్రపంచపు లెక్కను మా డిపార్టుమెంటు కొలమానంలోకి మార్చి చూశాను. 2000 నుంచి 2023 వరకు భూమి మీది హిమానీనదాలు, గ్రీన్‌లాండు, అంటార్కిటికా మహాపలకలను లెక్కలోకి తీసుకోకుండానే, ఏటా సగటున 27,300 కోట్ల టన్నుల మంచును పోగొట్టుకున్నాయి. నీళ్లుగా చూస్తే 9,600 టీఎంసీలకు పైచిలుకు. తుంగభద్ర డ్యాం ఇప్పుడు పట్టేది 105 టీఎంసీలు. అంటే ఏడాదికి తొంభై తుంగభద్రలు. మా జిల్లా వాళ్లు హెచ్చెల్సీ వాటాగా వచ్చే పదో ఇరవయ్యో టీఎంసీల కోసం ప్రతి ఏడూ బోర్డు సమావేశాల చుట్టూ తిరుగుతుంటారు. ఈ తొంభై డ్యాములు ఎవరికీ కేటాయించకుండా చివరికి సముద్రంలోకి పోతున్నాయి. అదే తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేదనీ, పూడిక చేరి ఇంతకు వచ్చిందనీ గుర్తు చేసుకుంటే, పైన నిల్వ తరగడం, కింద నిల్వ చోటు తరగడం రెండూ ఏకకాలంలో జరుగుతున్నాయనిపిస్తుంది.

కడప జిల్లా పోరుమామిళ్లలో అక్కడి చెరువు గురించి 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలనీ, ఆరు దోషాలు ఉండకూడదనీ అందులో రాశారు. ఆ ఆరింటిలో ఒకటి, నీళ్లు కొంచెం, పారించవలసిన నేల విస్తారం కావడం. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ దోషాన్ని ఆఖరి ఆయకట్టు రైతుల ముఖాల్లో చూశాను. గంగ కింద ఉన్నది ఆయకట్టు అనుకుంటే, అంతటి ఆయకట్టు ప్రపంచంలో ఎక్కడా లేదు. నలభై కోట్ల మందికి పైగా ఆ నది పరీవాహకంలో బతుకుతున్నారు. ఆ శాసనం రాయించినవాళ్లు కొండ మీది చెరువును చూసి ఉంటే ఆ దోషాన్ని మొదటి వరుసలో చేర్చి ఉండేవాళ్లేమో.

హిమాలయం మంచుకూ రాయలసీమకూ ఏం సంబంధం అని అడిగేవాళ్లకు ఒక పాత కథ చెప్పాలి. 1876లో, ధాత నామ సంవత్సరంలో, మన ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన కరువును ఇప్పటికీ ధాత కరువు అంటారు. అప్పుడు అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగం. 1882లో గానీ విడి జిల్లా కాలేదు. ఆ కరువు తరువాత, రుతుపవనాలను ముందే పసిగట్టగలమా అన్న ప్రశ్న దొరతనానికి తప్పనిసరైంది. భారత వాతావరణ శాఖ తొలి అధిపతి హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ 1884లో, హిమాలయాల్లో మంచు ఎక్కువగా పడిన సంవత్సరం మైదానాల్లో వానలు తగ్గుతాయని ప్రతిపాదించాడు. అది ఏటేటా పడి కరిగిపోయే మంచు గురించి. హిమానీనదాల గురించి కాదు. ఈ రెంటినీ కలపకూడదు. కానీ మన పెన్నలో నీళ్లు పారుతాయా లేదా అని తెలుసుకోవడానికి మొట్టమొదట తల పైకెత్తి చూసినది ఆ కొండల వైపే అన్నది నాకు మరువరాని సంగతి.

తరిగే మంచు నీళ్లనే కాదు, ప్రమాదాలనూ వదిలిపోతుంది. హిమానీనదం వెనక్కి పోయిన చోట అది తోసుకొచ్చిన రాళ్లూ మట్టీ కట్టలా నిలుస్తాయి. వాటి వెనుక సరస్సు కట్టుకుంటుంది. ఇంజనీరు కట్టిన కట్ట కాదు, మరువ లేదు, తూము లేదు. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు అలాగే తెగి, తీస్తా నది మీది పెద్ద డ్యామును తుడిచిపెట్టింది. నేను గంగోత్రి నుంచి తిరిగొచ్చి మూడు వారాలు కూడా కాలేదు. 2013 జూన్‌లో కేదారనాథ్ పైన చోరాబారి సరస్సు తెగిన సంగతి అందరికీ తెలిసినదే. 2016 జులైలో భారీ వానల తరువాత గోముఖం ముందు భాగమే విరిగిపడి, మంచు పెళ్లలు గంగోత్రి దాకా కొట్టుకొచ్చాయి. నాన్న చెయ్యి ఆనించిన ఆ ముఖం అప్పటికే ఎప్పుడో పోయింది. అది పోయాక ఏర్పడిన ముఖం కూడా అప్పుడు పోయింది. తిరుగు ప్రయాణంలో మేం ధరాలీ బజారులో ఆగి టీ తాగి, ఆపిలు పళ్లు కొన్నాం. 2025 ఆగస్టు 5న ఆ ఊరి మీదికి ఖీర్ గంగ వాగు రాళ్లూ బురదా మోసుకొచ్చిన దృశ్యాలను టీవీలో చూసినప్పుడు, ఆపిలు పళ్లు తూచి ఇచ్చిన ముసలమ్మ మొహం గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు.

ఇంకొక విషయం కూడా మనసులో మెదులుతూ ఉంది. హిమానీనదం బుద్ధి ఆలస్యంగా కదిలే బుద్ధి. ఈరోజు కనిపిస్తున్న వెనకడుగులో పెద్ద భాగం గత దశాబ్దాల వేడికి అది ఇస్తున్న జవాబు. ఈ క్షణం వేడి పెరగడం ఆగిపోయినా అది ఇంకా కొన్ని దశాబ్దాలు వెనక్కి పోతూనే ఉంటుంది. పరిస్థితి చేయి దాటిందని అనడానికి దీన్ని రాయడం లేదు. వేడి ఒకటిన్నర డిగ్రీ దగ్గర ఆగితే మిగిలే మంచుకూ, మూడు డిగ్రీలకు పోతే మిగిలే మంచుకూ ఉన్న తేడా చాలా పెద్దది. ఏ గేటు ఎంత మూయాలన్నది చర్చించుకోవచ్చు. గేటు తెరిచే ఉందన్నది మాత్రం చర్చించవలసిన విషయం కాదు.

మళ్లీ దారిలోకి. తమ్ముడితో మాట్లాడిన తరువాత మిగిలిన దూరం ఇద్దరం మౌనంగానే నడిచాం. బాట రెండు చోట్ల కొండచరియల కింద కొత్తగా చుట్టు తిరిగింది. నా అంగ నాన్న అంగ కంటే చిన్నది. మోకాళ్ల వల్ల మరింత చిన్నదైంది. కాబట్టి నా లెక్కను ఎవరూ శాస్త్రంగా తీసుకోనవసరం లేదు, నేనూ తీసుకోలేదు. 5,790 దగ్గర అటవీశాఖ ఉద్యోగి ఒకాయన ఎదురొచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక్కడి నుంచి ముందుకు పోకూడదు, మంచు విరిగిపడుతోంది అన్నాడు. నాన్న లెక్కకు ఇంకా నలభై అంగలు తక్కువ. ఆ నలభై అంగలు పూర్తి చేసుకొని వస్తానని బతిమాలాను. ఎందుకో చెప్పాను కూడా. ఆయన నవ్వి, నాతోపాటు తానూ వచ్చి, పక్కనే నిలబడి లెక్కపెట్టించాడు. 5,830. అక్కడ నది ఒడ్డున గుండ్రాళ్లు, వాటి మధ్య ఇసుక. చెయ్యి ఆనించడానికి మనిషి ఎత్తు బండ ఒకటి తప్ప ఏమీ లేదు. మంచుగోడ అల్లంత దూరాన, కనుచూపుకు అర కిలోమీటరు పైనే, మట్టిరంగులో కనిపించింది.

తమ్ముడు ఆ బండ మీద చెయ్యి పెట్టి, చల్లగానే ఉందన్నా, అన్నాడు.

ఆ రాత్రి భోజ్‌బాసాలో, టార్చిలైటు వెలుతురులో నాన్న నోటుబుక్కు తీసి, ఆయన వరుస కిందనే గేజీ రిజిస్టరులో రాసే పద్ధతిలో రాశాను. తేది: 17-9-2023. ఆశ్రమం గడప మొదలు. అంగలు: 5,830. రిమార్క్స్: మంచు తగలలేదు.